కరుణాకర్ సారును కుప్పం నుంచి కదిలించరాదు

మదనపల్లెలో, మిషన్ కాంపౌండ్ వెనుక వీధిలో కాపురం ఉంటున్న నేను, లిల్లీ కృపావతి, వయస్సు అరవై ఆరు, రిటైర్డ్ స్టాఫ్ నర్సును, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

నా తెలివి సరిగా ఉందని డాక్టర్ యమున గారు ఈ ఉదయం పరీక్షించి ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. తేదీ అడిగారు. నూరు నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. ఆరేళ్ల కిందట ఇవే ప్రశ్నలు నా భర్తకు వేసినప్పుడు పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన ఆయన, తొంభై మూడు దగ్గర ఆగిపోయి నా మొహంలోకి చూశారు. నా కడుపులో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. తలకు పాకలేదు. ఈ సంగతి నా ఆడబిడ్డ స్వర్ణ గుర్తుంచుకోవాలి.

1. నా భర్త కరుణాకర్ గారు పుంగనూరులో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మతిమరుపు జబ్బు వల్ల 2023 ఏప్రిల్ నుంచి కుప్పంలో, అలాంటి రోగులను చూసుకునే ఆశ్రమంలో ఉంటున్నారు. బతికినంతకాలం ఆయన అక్కడే ఉండాలి. నా పేరిట ఉన్న ఇల్లు బాడుగకిచ్చి, ఆ బాడుగా ఆయన పెన్షనూ అందుకే వాడాలి. ఆయన తదనంతరం ఇల్లు మా ఏకైక కుమార్తె మెర్సీకి సర్వహక్కులతో చెందుతుంది. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత కూడా మెర్సీదే. ఆమె కలికిరిలో టీచరు. రెండేళ్లుగా నా గడప తొక్కలేదు. అయినా అప్పజెప్పిన పని పూర్తిచేసే గుణం ఆమెకుంది. అది తండ్రి నుంచి వచ్చింది.

2. పుంగనూరులో ఉన్న ఆడబిడ్డ స్వర్ణకు. 2022 జూన్‌లో నాకు వేలూరులో ఆపరేషన్ అయింది. ఆ పన్నెండు రోజులు ఆయన్ను స్వర్ణ ఇంట్లో ఉంచాను. "మా యన్నను నేను సూసుకోనా వదినా, నువ్వు నెమ్మదిగా పోయిరా" అని సాగనంపింది. తిరిగి తెచ్చుకున్న రోజు స్నానం చేయిస్తూ ఆయన ఎడమ చీలమండ చుట్టూ ఒరిసిపోయిన గాయం చూశాను. ఫోన్ చేసి అడిగితే "చెప్పు కరిసింది వదినా" అంది. ముప్పై నాలుగేళ్లు గాయాలు కడిగి కట్లు కట్టినదాన్ని. చెప్పు ఎక్కడ కరుస్తుందో నాకు తెలుసు. ఆయన బట్టల సంచి అడుగున నీలం అంచు చీర పేలిక దొరికింది, రెండు చివర్లా ముడులతో. ఆ తర్వాత చాలాకాలం, నేను తీగ మీద చీర ఆరేస్తే ఆయన కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవారు.

నేను స్వర్ణను ఒక్క మాట అనలేదు. అది మంచితనం కాదు. మళ్లీ నేను ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆయన్ను వదలడానికి ఇంకో ఇల్లు లేదు. అందుకని నోరు మూసుకున్నాను.

ఆయన్ను కుప్పంలో చేర్చిన వారానికే స్త్రీల ప్రార్థన కూటంలో అదే స్వర్ణ లేచి నిలబడింది. "కట్టుకున్నోణ్ణి పరాయోళ్ల సేతిలో పెట్టి నిమ్మళంగా నిద్రపోతాండే ఆడదాని మనసు మార్చు ప్రభువా" అని కన్నీళ్లతో ప్రార్థించింది. నేను మూడో వరుసలో ఉన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

ఆ పేలికను ఉతకకుండా బీరువా కింది అరలో కవరులో పెట్టాను. అది స్వర్ణకు చెందాలి. నలుగురిలో ఇవ్వనక్కర్లేదు. మెర్సీ స్వయంగా పోయి చేతికిచ్చి రావాలి. అన్నను చూడటానికి స్వర్ణ ఎప్పుడైనా కుప్పం పోవచ్చు. ఒక్క పూటకైనా ఆయన్ను బయటికి తీసుకుపోతానంటే మాత్రం ఒప్పుకోరాదు.

3. స్వర్ణ సంగతి రాసి నా సంగతి దాచడం అన్యాయం. 2023 జనవరిలో ఒక పొద్దున, మూడోసారి బట్టలు మారుస్తుంటే ఆయన సంగటి గిన్నె విసిరారు. అది నా ఆపరేషన్ అయిన చోట తగిలింది. నేను ఆయన చెంప మీద కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "కొట్టొద్దు సిస్టర్, సెప్పినట్టు ఇంటాను" అన్నారు. ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆయన నన్ను సిస్టర్ అని పిలవడం అదే మొదలు. నా సర్వీసులో ఏ రోగి మీదా నేను చేయి ఎత్తలేదు.

ఆ వారమే కుప్పానికి ఫోన్ చేశాను. ఆయన వీధుల్లో తప్పిపోతున్నారని, గ్యాస్ తిప్పి వదిలేస్తున్నారని అందరికీ చెప్పాను. అవి నిజాలే. కారణం మాత్రం నా చేయి.

ఏప్రిల్‌లో అక్కడ ఒక మంచం ఖాళీ అయింది. పదో తరగతి పేపర్లు దిద్దడానికి కుప్పంలో స్పాట్ వాల్యుయేషన్ వేశారని ఆయనతో అబద్ధం చెప్పాను. ఇస్త్రీ చొక్కా అడిగి వేయించుకుని, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని, నాకంటే ముందే పోయి కారులో కూర్చున్నారు. పుంగనూరులో తన బడి గేటు గుర్తుపట్టి, "ఆపప్పా, బెల్లు కొట్టేసినారు, పిల్లోళ్లు లోపలికి పోతాండారు" అన్నారు. డ్రైవర్ మునిరత్నం అద్దంలో నా వైపు చూశాడు. "పోనీయప్పా" అన్నాను.

4. కుప్పంలో ఆయన్ను చూసుకుంటున్న చాందినికి, యూనిఫాం మీద గుచ్చుకునే నా నర్సు గడియారం. ఆ రోజు గేటు దగ్గర ఆయన "పేపర్లు యాడుండాయి?" అని అడిగితే, "వస్తాండాయి సార్, ముందు కాఫీ తాగండి" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మరునాడు ఎక్కడినుంచో పాత పరీక్ష పేపర్ల కట్ట తెచ్చి నిజంగానే ముందు పెట్టింది. ఆయన వాటినే దిద్దుతున్నారు. ఒళ్లు చేశారు. ఎవరైనా దగ్గరికి వస్తే మొహానికి చేతులు అడ్డం పెట్టుకోవడం మానేశారు. నా వల్ల కానిది ఇరవై ఆరేళ్ల పిల్ల కాగితాల కట్టతో చేసింది. అందుకు ఆమె మీద నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు లేదని రాయలేను. గడియారం మాత్రం ఆమెకే.

5. మునిరత్నం ఈ వీలునామాకు సాక్షి కాబట్టి అతనికి ఏమీ రాయకూడదని వకీలు చెప్పారు. అందుకే నా కుట్టుమిషను పోయిన నెలలోనే అతని ఇంటికి పంపేశాను. దాన్ని ఎవరూ అడగరాదు. కుప్పం నుంచి ఒక్కదాన్నే తిరిగొచ్చిన రోజు అతను పుంగనూరు మీదుగా రాకుండా, ముళబాగిలు వైపు చుట్టు తిరిగి నన్ను ఇల్లు చేర్చాడు. నేను అడగలేదు.

6. మెర్సీ, ఇది నీకే రాస్తున్నాను. నెలకో ఆదివారం వచ్చేదానివి. నాన్న నిన్ను పేరు పెట్టి పిలిస్తే మురిసిపోయి, "నాయిన బాగనే ఉండాడు కదమ్మా, నువ్వే ఎక్కువ సేస్తాండావు" అని సాయంత్రం బస్సెక్కేదానివి. కుప్పంలో చేర్చాక, నీకు చెప్పకుండా చేశానని ఏడ్చావు. చెబితే ఒప్పుకునేదానివి కాదు. నీ వెంట తీసుకుపోయేదానివీ కాదు.

నీ ఏడో తరగతి లెక్కల పేపరు ఆయన డైరీలో ఉంది. ముప్పై నాలుగు మార్కులు. కూతురివని ఒక్క మార్కు కలపలేదు. నువ్వు అలిగి రెండు పూటలు అన్నం మానేశావు. నీకు తెలియకుండా ఆయనా మానేశారు. ఆ పేపరు నీకు.

నెలకు రెండు శనివారాలు నేను కుప్పం పోతున్నాను. "మా ఇంటామె డ్యూటీ ఎప్పుడు దిగుతాది సిస్టర్?" అని ఆయన నన్నే అడుగుతారు. "ఇంకా కొంచెం సేపు ఉండాది సార్" అంటాను. నా తర్వాత ఆ శనివారాలు నీవి. ఆయన నిన్ను ఎవరనుకుంటే ఆ మనిషిగానే పక్కన కూర్చో. నేను పోయిన సంగతి చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో. ఆయన విషయంలో అన్నీ నేనే తేల్చి తేల్చి అలసిపోయాను.

7. నన్ను మదనపల్లె సమాధుల తోటలో మా అమ్మ పక్కన పెట్టాలి. నాకు రెండోవైపు స్థలం ఆయనకు ఉంచాలి. సమాధి ప్రార్థన కూడికలో నన్ను సహనశీలి అని ఎవరూ పొగడరాదు. స్వర్ణ చేత ప్రార్థన చేయించరాదు. రాతి మీద బైబిలు వాక్యం వద్దు, ప్రియ భార్య అని అసలే వద్దు. పేరు, తేదీలు, స్టాఫ్ నర్సు అని చెక్కిస్తే చాలు. భార్యగా నేను ఎలాంటిదాన్నో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన్ను అడిగి లాభం లేదు.

పై ఏడు అంశాలూ నేనే రాసి, రెండుసార్లు చదువుకుని, ఒక్క కొట్టివేత కూడా లేదని చూసుకుని, కింది ఇద్దరి కళ్లెదుట సంతకం చేశాను.

మదనపల్లె
15 సెప్టెంబరు 2025, సోమవారం

(సంతకం) లిల్లీ కృపావతి

సాక్షులు:
1. డాక్టర్ యమున, మదనపల్లె
2. మునిరత్నం, కారు డ్రైవరు, మదనపల్లె