పడుగు అతికినట్టే డిస్కు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ పొద్దున్నే నీకు అన్నం పెట్టింది. నేను దాజీ పేట్‌లో చాదర్లు నేసే కార్ఖానాకు వచ్చి, నువ్వు నిలబెట్టిన డిజైన్ సర్వర్ ముందు కూర్చున్నాను. డిస్కు నిండిపోయి, కొత్త చాదర్ల డిజైన్లు సేవ్ కావడం లేదు.

"పాతయి, మీ అన్న గీసినయి తీసెయ్ బేటీ, జాగ అయితది," అన్నాడు కార్ఖానా నడిపే మాలక్.

"తీసెయ్య మాలక్. జాగనే పెంచుత," అన్నాను.

కొత్త డిస్కు బిగించి, డిస్కులన్నిటినీ ఒక్కటిగా చేసేందుకు నువ్వు కట్టిన వాల్యూమ్ గ్రూపులో కలిపాను. డిజైన్లున్న వాల్యూమ్‌ని అందులోకి పెంచాను. అయినా ఖాళీ జాగ అంగుళమైనా పెరగలేదు. మాలక్ నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు బాపు మగ్గం గుర్తొచ్చింది. పాత పడుగు పోగుల కొసలకు కొత్త పోగులు అతికితే సరిపోదు, ఆ ముడులు పోగులు దూరే పన్నె దాటేదాకా లాగితేనే నేత సాగుతుంది. నేను వాల్యూమ్‌ని పెంచాను గానీ, దాని మీద ఫైళ్లను సర్దే ఫైల్ సిస్టమ్‌ని అంతదాకా లాగనే లేదు. దాన్ని లాగే కమాండ్ కొట్టగానే జాగ వచ్చింది. నీ ఫైలు ఒక్కటీ చెడలేదు.

నువ్వు సగంలో వదిలేసిన నెమలి డిజైన్‌ని తెరిచాను. నీ చెయ్యి నాకు రాదని తెలుసు. అయినా తోక పూర్తిచేసి, అదే ఫైలులో సేవ్ చేశాను.

మాలక్ తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది ఎప్పుడు గీసిండే మీ అన్న?"

"ఇయాల్నే మాలక్," అన్నాను. "రేపు మగ్గం ఎక్కియ్యుండ్రి."