క్లోటిల్డ్ లేవలేదు బావా

డాక్స్, 1988 మే 29

ప్రియమైన బావమరిది అషిల్‌కి,

మీ అక్క పోరు పడలేక ఈ డాక్స్ బురదలోకి వచ్చి పడ్డాను. మోకాళ్ళ నొప్పులకి మూడు వారాల వైద్యమట. పొద్దున్నే వేడి బురద పూసి, దుప్పటి చుట్టి, పావుగంట కదలొద్దంటారు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టిన పంతులికి ఏం గతి పట్టిందో చూడు. భోజనంలో వెన్న లేదు. వైను అడిగితే నీళ్ళ సీసా చూపిస్తారు. నర్సు మాత్రం రోజూ నా కాళ్ళకేసి చూసి ముసిముసిగా నవ్వుతుంది, ఎందుకో అంతుపట్టదు. ఈసారి పెట్టె నేనే సర్దుకున్నాను, మేజోళ్ళతో సహా. ఏ లోటూ చేసుకోలేదు.

ఇక అసలు సంగతి. నా కారు క్లోటిల్డ్ తాళాలు నీ చేతిలో పెట్టి వచ్చాను. అంటే నా ప్రాణం నీ చేతిలో పెట్టినట్టే. రెండు రోజులకోసారి స్టార్ట్ చెయ్యి. ముందు వెనకభాగం లేస్తుంది, తర్వాత ముందుభాగం, ఆవు లేచినట్టు. పది నిమిషాలు అలా ఉంచి ఆపెయ్యి. మెల్లగా నేలకి కూర్చుంటుంది. అంతే. ఇంకేం ముట్టుకోకు. నువ్వు ప్లంబరువి, నీకు గొట్టం కనబడితే చేతులు ఊరుకోవని నాకు తెలుసు.

ఆ లేవడం, కూర్చోవడం, బ్రేకు, స్టీరింగు అన్నీ ఒకే నూనె మీద నడుస్తాయి. మన 1963 డీఎస్‌కి ఎర్ర నూనె పోయాలి. తర్వాత వచ్చిన మోడళ్ళకి ఆకుపచ్చది. ఒకదానిలో ఒకటి పోశావా, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోయి బండి చాప చుట్టేస్తుంది. నీకా బెంగ అక్కర్లేదులే. బయల్దేరే ముందురోజు నేనే పాత నూనె తీసేసి కొత్తది నింపాను. జలుబుతో ముక్కు దిబ్బడేసినా, తుమ్ముతూనే పని పూర్తిచేశాను.

జూన్ 25న మన అమ్మాయి బ్లాండిన్ పెళ్ళి. ఇరవై నాలుగేళ్ళ క్రితం ఆసుపత్రి నుంచి దాన్ని పొత్తిళ్ళలో ఇంటికి తెచ్చింది క్లోటిల్డ్‌లోనే. పెళ్ళి జరిగే మేయరు ఆఫీసుకి కూడా క్లోటిల్డ్‌లోనే తీసుకెళ్తానని దానికి అయిదో ఏట మాటిచ్చాను. ఇరవయ్యో తారీఖున వచ్చేస్తాను. అప్పటిదాకా నీదే పూచీ.

బురదలో కూరుకుపోయిన నీ బావ,
ఆన్సెల్మ్


ఓబ్యూసోన్, జూన్ 3

బావకి ప్రేమతో,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. వర్షాలు బాగా పడుతున్నాయి. మంగళవారం సన్నగా పడింది, బుధవారం జోరుగా పడింది, నిన్న మధ్యాహ్నం ఆగి సాయంత్రం మళ్ళీ పడింది. క్రూజ్ నది వంతెన దాకా వచ్చేలా ఉంది. పెరట్లో బఠాణీలు ఏపుగా పెరిగాయి. మేయరుగారి కుక్కకి అయిదు పిల్లలు.

క్లోటిల్డ్ కులాసా. స్టార్ట్ అయింది. లేవడం మాత్రం కొంచెం బద్ధకంగా ఉంది. వాతావరణం వల్లనుకుంటా.

ఊరికే అడుగుతున్నాను బావా, ఆ కొత్త నూనె ఎక్కడ కొన్నావు? డబ్బా మీద చీటీ ఉందా? తొందరేం లేదు, తీరిగ్గా రాయి.

అక్కయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది. బురద బాగా పూయించుకో.

నీ బావమరిది,
అషిల్


డాక్స్, జూన్ 6

ఒరేయ్ అషిల్,

బద్ధకం అంటే ఏమిటి? ఎన్ని సెకన్లు? వెనకభాగమా, ముందుభాగమా? క్లోటిల్డ్ నీలాగా ప్లంబరు కాదు బద్ధకించడానికి!

నువ్వు వాన గురించి రాయడం మొదలుపెట్టావంటే నా గుండెల్లో రాయి పడుతుంది. 1961లో నా గాలం కర్ర విరగ్గొట్టినప్పుడు మూడు పేజీలు వాన గురించే రాశావు. మా అమ్మ పింగాణీ గిన్నె పగలగొట్టినప్పుడు మంచు గురించి. ఇప్పుడు కుక్కపిల్లల దాకా వెళ్ళావు. ఏం చేశావు? నిజం చెప్పు.

నూనె ఎక్కడ కొన్నానని నీకెందుకు? ఏప్రిల్‌లో మన పాత కార్ల క్లబ్బువాళ్ళు పాత సామాన్ల సంత పెట్టారు, అక్కడ కొన్నాను. చీటీ ఊడిపోయింది. అయితే ఏం? పాతికేళ్ళుగా ఈ చేతులతో నేనే నూనె మారుస్తున్నాను. ఒక్కసారి పొరపాటు పడ్డానా?

ఇక్కడ ఫోను ముందు పెద్ద వరస. నా వంతు వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండవు. ఉన్నా వానే చెబుతావు. కాబట్టి ఉత్తరమే రాయి, వెంటనే రాయి.

ఆన్సెల్మ్


ఓబ్యూసోన్, జూన్ 9

ప్రియమైన బావా,

కూర్చుని చదువు. బురదలో ఉంటే ఇంకా మంచిది, ఎవరూ కదలనివ్వరు.

క్లోటిల్డ్ లేవలేదు బావా. నాలుగు రోజులుగా నేలకి కరుచుకుని ఉంది. ఇంజను పాడుతోంది, ఒళ్ళు మాత్రం కదలడం లేదు. తప్పు నాది. మట్టం కాస్త తగ్గినట్టనిపించి, పక్కింటి గాబ్రియెల్ బండికి వాడే డబ్బాలోంచి ఒక్క గ్లాసు నూనె పోశాను. చేతిలో శాండ్‌విచ్ ఉంది, రంగు చూసుకోలేదు. తర్వాత చెయ్యి చూసుకుంటే ఆకుపచ్చగా ఉంది.

ట్రాక్టరుతో లాక్కొచ్చి నా షెడ్డులో పెట్టాను. గొట్టాలన్నీ విప్పాను. రెండు బకెట్ల ఆకుపచ్చ నూనె బయటికొచ్చింది. రబ్బర్లు ఒక్కోటి పుట్టగొడుగులా ఉబ్బాయి. ముందు సీటులో మా కోడి గుడ్డు పెట్టింది, నేనేం దాన్ని పిలవలేదు.

బ్రేకు కూడా ఆ నూనె మీదే కాబట్టి ప్రతి రబ్బరూ మార్చాల్సిందే. బూర్జ్‌లో ఉన్న మన క్లబ్బు పెద్దాయనకి ఫోన్ చేశాను. పాత బిస్కెట్ డబ్బాలో పూర్తి సెట్టు దాచుకున్నాడట, పోస్టులో పంపుతున్నాడు. ఒక్క మాట చెప్పనా? విప్పి చూస్తే ఈ బండి మొత్తం ప్లంబింగే బావా. పుట్టి బుద్ధెరిగాక ఇంత అందమైన గొట్టాలు చూడలేదు.

ఇరవై అయిదుకి నిలబెడతాను. తిట్టాలనుంటే తిట్టు. బ్లాండిన్‌కి మాత్రం ఏమీ రాయకు.

తలదించుకున్న నీ
అషిల్


డాక్స్, జూన్ 11

అషిల్ అనే వ్యక్తికి,

ఇది నా చివరి ఉత్తరం. ఇక నువ్వు నాకు బావమరిదివి కావు. ఒడెట్‌కి తమ్ముడివి, అది ఆవిడ దురదృష్టం. పెళ్ళిలో మా బల్ల దగ్గర కూర్చోకు. ఎర్రదీ ఆకుపచ్చదీ తేడా తెలీని మనిషి ఊళ్ళో ట్రాక్టరు ఎలా నడుపుతున్నాడో నాకు అర్థం కావడం లేదు. శాండ్‌విచ్ తింటూ క్లోటిల్డ్ ముందు నిలబడ్డావా! చర్చిలోకి శాండ్‌విచ్‌తో వెళ్తావా?

ఇంతే. సెలవు.

ఆన్సెల్మ్

తా.క. గొట్టాల్ని స్పిరిట్‌తో కడుగు. నీళ్ళతో కడిగావో, నీ పీక నొక్కుతాను.

తా.క. 2: ముందు బ్రేకు రబ్బర్లు మార్చు, తర్వాత పంపువి. ఎడమ వెనక గొట్టం దగ్గర చిన్న రింగు ఉంటుంది, అది ఎగిరిపోతే దొరకదు. కింద దుప్పటి పరుచుకో. నాకు 1974లో ఎగిరిపోయింది, ఇప్పటికీ దొరకలేదు.

తా.క. 3: గ్లాసు పోస్తే రెండు బకెట్లు ఆకుపచ్చ ఎలా వచ్చింది? లెక్కల్లో నీకు మొదట్నుంచీ సున్నాయే.

తా.క. 4: కోడిని దింపు.


ఓబ్యూసోన్, జూన్ 16

బావా,

నువ్వు నా బావవి కావని రాశావు కాబట్టి ఎవరికి రాస్తున్నానో తెలియడం లేదు. అయినా రాస్తున్నాను.

బకెట్లు చిన్నవి.

రబ్బర్లు వచ్చాయి. అక్కయ్య రోజూ సాయంత్రం షెడ్డుకి వచ్చి వాటిని కొలత ప్రకారం వరసగా పేర్చి పెడుతోంది. తివాచీల నేతశాలలో ముప్ఫై ఏళ్ళు ఉన్ని దారాలు వేరుచేసిన మనిషి కదా, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు సగం పేర్చేస్తుంది. నీ చిన్న రింగు ఎగిరింది. దుప్పటి మీద పడింది. నువ్వు లేకపోయినా నీకు దండం పెట్టుకున్నాను.

శనివారం బ్లాండిన్ వచ్చింది. "మామయ్యా, క్లోటిల్డ్‌ని చూస్తాను, ఒక్కసారి," అని షెడ్డు తలుపు పట్టుకుంది. లోపల క్లోటిల్డ్‌కి చక్రాల్లేవు. నేను నోరు తెరిచి వాన గురించి మొదలుపెట్టబోయాను. అక్కయ్య అడ్డుపడి, "పెళ్ళికూతురు గౌను పెళ్ళికొడుకు ముందే చూడకూడదు, పెళ్ళిబండి పెళ్ళికూతురు ముందే చూడకూడదు. తెలీదా నీకు?" అంది. అది నమ్మింది. బజారులో ఇంకో ఇద్దరికి చెప్పిందట. ఊళ్ళో కొత్త ఆచారం పుట్టింది బావా.

నిన్న స్టార్ట్ చేశాం. వెనకభాగం లేచింది! నేనూ అక్కయ్యా కావిలించుకున్నాం. ముందుభాగం మాత్రం ముక్కు నేలకానించి అలాగే ఉంది. ఏదో గొట్టంలో గాలి చిక్కుకుంది. వెతుకుతున్నాను. నువ్వు రావాలి. తిడుతూనే రా.

అషిల్


ఓబ్యూసోన్, జూన్ 26

ప్రియమైన అషిల్,

నీ ఇల్లు మా ఇంటికి మూడు వీధులే. నడిచి వచ్చి చెప్పొచ్చు. మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి. కానీ నీ ముఖం చూస్తే నోరు పెగలదు. అందుకే ఈ ఉత్తరం. మీ పోస్టు డబ్బాలో వేసి పరిగెత్తుకుంటూ వచ్చేస్తాను.

వచ్చిన దగ్గర్నుంచి అయిదు రోజులు నీతో పలకలేదు. షెడ్డులో పక్కపక్కనే పడుకుని క్లోటిల్డ్ కింద పనిచేశాం, "పన్నెండు నంబరు స్పానరు" అనే మాట తప్ప నీతో ఇంకో మాట అనలేదు. గురువారం ఆ గాలి దొరికింది. అప్పుడు కూడా నేను చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాను.

నిన్న మేయరు ఆఫీసు ముందు జరిగింది నువ్వూ చూశావు. అయినా రాస్తాను, రాస్తే సంతోషంగా ఉంది. లోపల సంతకాలు అయ్యేసరికి క్లోటిల్డ్ నేలకి కూర్చుంది. బ్లాండిన్ ఎక్కింది, అల్లుడు ఎక్కాడు, నేను తాళం తిప్పాను. వెనకభాగం లేచింది. ముందుభాగం లేవలేదు. అద్దంలో నువ్వు కనిపించావు, గోడకానుకుని, పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతున్నావు. నీ ముఖం సున్నంలా ఉంది. అప్పుడు ముక్కు కూడా మెల్లగా, దర్జాగా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. బ్లాండిన్ వెనకనుంచి నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు, జలుబు.

తర్వాత విందులో నేను లేచి గ్లాసు పట్టుకుని ఏమన్నాను? "ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీని ప్లంబరు గురించి ఒక మాట," అన్నాను. ఎనభైమంది పడీపడీ నవ్వారు. నువ్వూ నవ్వావు. అందరికంటే గట్టిగా నవ్వావు.

ఇవాళ పొద్దున్న గరాజు సర్దుతుంటే అటక మీద నా ఖాళీ డబ్బాలు దొరికాయి. డాక్స్ వెళ్ళే ముందురోజు నేను నింపిన నూనెవి. మూత తీశాను. ముక్కు ఇప్పుడు బాగా పనిచేస్తోంది. అది క్లోటిల్డ్ నూనె వాసన కాదు.

నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. చిన్నప్పట్నుంచీ అంతే. 1959లో ఏడాది పొడుగునా పిల్లల పుస్తకాలు ఆకుపచ్చ సిరాతో దిద్దానట, ఇన్‌స్పెక్టరు అది కొత్త బోధనా పద్ధతి అనుకుని మెచ్చుకున్నాడు. క్లోటిల్డ్ నూనె ఎప్పుడూ ముక్కుతోనే పోల్చుకున్నాను. ఆ రోజు ముక్కు లేదు. అయినా నాకేంటి, పాతికేళ్ళ అనుభవం అనుకున్నాను.

డబ్బా పట్టుకుని ఒడెట్ దగ్గరికి వెళ్ళాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాను, "ఇది ఏ రంగు?" అని. "పచ్చి బఠాణీ రంగు," అంది. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇన్నాళ్ళూ మీ మేజోళ్ళు జతలుగా చుట్టి పెట్టింది ఎందుకనుకున్నారు?" అంది. డాక్స్‌లో నర్సు ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది వేసుకుని మూడు వారాలు తిరిగాను.

అప్పుడు వెళ్ళి క్లోటిల్డ్ డిక్కీ తెరిచాను. నువ్వు పెట్టిన కొత్త నూనె డబ్బా ఉంది. దాని మెడకి లావుపాటి ఉన్నిదారం కట్టి, మూడు ముళ్ళు వేసి ఉంది. కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. నువ్వు ఎప్పుడు కట్టావని ఒడెట్‌ని అడిగాను. జూన్ పదో తారీఖున తన దగ్గర దారం అడిగి తీసుకున్నావట. అంటే నా తిట్లు నీకు చేరకముందే. గాబ్రియెల్ డబ్బా లేదు, గ్లాసు లేదు, శాండ్‌విచ్ మాత్రం ఉండే ఉంటుంది. బకెట్లు చిన్నవి కావు.

నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు? వద్దులే, చెప్పకు.

వచ్చే ఆదివారం క్లబ్బు భోజనం ఉంది. నిన్నటి ఎనభైమందిలో సగంమంది అక్కడ ఉంటారు. మళ్ళీ లేచి గ్లాసు పట్టుకుంటాను. నిన్న నవ్వినవాళ్ళే నన్ను చూసి నవ్వేలా మొత్తం చెప్తాను. నువ్వు నా పక్కనే కూర్చోవాలి, మా బల్ల దగ్గరే. గాలం కర్ర కూడా క్షమించాను. గిన్నె సంగతి ఆలోచిస్తాను.

ఎప్పటికీ నీ బావనే,
ఆన్సెల్మ్

తా.క. పెళ్ళిలో నా టై చూసి నలుగురు మెచ్చుకున్నారు, ఇద్దరు దగ్గారు. అది ఏ రంగో నువ్వు చెప్పు.