బుడ్డోడి ఆనవాళ్ళు

స్టేషను వీధి దర్జీ గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. బట్టలు కుట్టించుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. అందుకని టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి నిదానంగా చదవండి.

నాకు నాలుగేళ్ళు, మా తమ్ముడికి రెండేళ్ళు ఉన్నప్పుడు మమ్మల్ని ఒక అనాథాశ్రమంలో చేర్చారు. అంతకు ముందుది నాకేమీ గుర్తు లేదు. నన్ను ఒక టీచరమ్మ పెంచుకుంది. నా చదువు, నా సంసారం, ఇలా నాలుగు ముక్కలు పొందిగ్గా రాయడం, అంతా ఆవిడ చలవే. ఆవిడ ఒంటరి మనిషి. ఇద్దరినీ పెంచే స్తోమత లేకపోయింది. "గేటు దగ్గర ఆ బుడ్డోడు నా కొంగు పట్టుకున్నాడే. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వచ్చేశాను" అని ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. ఆ కళ్ళకి చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోగా వాణ్ణి ఒక్కసారి చూపించమంటోంది.

పత్రికలో ప్రకటనలు వేసి వేసి విసిగిపోయాను. చివరికి ఆ ఆశ్రమం వాచ్‌మన్ తాత దొరికాడు. "బుడ్డోణ్ణి స్టేషను వీధి దర్జీ తీసుకుపోయాడమ్మా" అన్నాడు. ఆ వీధిలో దర్జీ దుకాణం మీదొక్కటే. గుండీ కుట్టించుకునే నెపంతో మావారిని పంపాను. ఆ దర్జీ కొడుకు మీరే అయ్యుండాలి, వయసు సరిపోతుందన్నారు. ముక్కు నాలాగే ఉందా అంటే చెప్పలేకపోయారు. నా ముక్కు ఎలా ఉంటుందో ఆయనకి గుర్తు లేదట.

ఈ మూడింటికీ వరుసగా జవాబు రాయండి.

ఒకటి: నిద్రలో పక్కవాళ్ళ చెవి తమ్మె పట్టుకుంటారా?
రెండు: అన్నం అంచుల నుంచి తింటూ వచ్చి మధ్యది చివరికి ఉంచుకుంటారా?
మూడు: ఎడమ మోకాలి వెనక కాలిన మచ్చ ఉందా?

బహుశా మీ అక్కయ్య

తా.క. మావారికి కుట్టిన గుండీ ఊడిపోయింది. అది వేరే విషయం.


అమ్మా,

నమస్కారాలు. నేను ఎవరి తమ్ముణ్ణీ కాను. మా అమ్మానాన్నలు నన్ను స్వయంగా కన్నారు. అయినా ఇంత పద్ధతిగా అడిగారు కాబట్టి చెప్తున్నాను.

ఒకటి: నేను ఎవరి చెవీ పట్టుకోను. రెండు: అన్నం ఎటు నుంచి దొరికితే అటు నుంచి తింటాను. మూడు: మోకాలి వెనక ఏముందో చూసుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. ట్రయల్ గదిలో రెండు అద్దాలు పెట్టుకుని, పంట్లాం పైకి లాక్కుని, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగాను. సరిగ్గా అప్పుడే బ్యాంకు మేనేజరు గారు తెర తీశారు. కోటు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. మచ్చ లేదు.

మీ అమ్మగారి మాట చదివి మనసు కలుక్కుమంది. మీ తమ్ముడు దొరకాలని కోరుకుంటున్నాను. అది నేను మాత్రం కాదు.

ఇట్లు,
దర్జీ

తా.క. నా ఎడమ చెవి కుడిదానికన్నా సాగిన మాట నిజమే. దానికీ మీకూ సంబంధం లేదు. మా ఆవిడ పని.


తమ్ముడూ,

నీ ఉత్తరం చూశాక నాకున్న కాస్త అనుమానం కూడా పోయింది. బుడ్డోడు కూడా ఇంతే, అన్నిటికీ కాదు కాదు అనేవాడు.

మచ్చలు మాసిపోతాయి. అలవాట్లు మారిపోతాయి. పెంచిన వాళ్ళు ప్రేమకొద్దీ దాచి ఉంటారు. వాళ్ళ మీద కోపం పెట్టుకోకు. నిన్ను ఇంతవాణ్ణి చేసినందుకు నేనే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. నువ్వు మాత్రం అమ్మని ఒక్కసారి మెల్లగా అడుగు. కడుపునిండా తిన్నాక, మంచి మాటల మధ్యలో అడుగు.

నీ అక్కయ్య

తా.క. మోకాలి వెనక నీకు నువ్వు చూసుకుంటే ఏం కనపడుతుంది? మీ ఆవిడని చూడమను. తెరలున్న చోట వద్దు.


అక్కయ్యగారూ,

కాకపోయినా అలాగే పిలుస్తున్నాను. ఇక నాకు ఓపిక లేదు.

దుకాణం కట్టేసి బస్సెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. మీరు చెప్పినట్టే కడుపునిండా తిన్నాకే అడిగాను. "పెంచుకునేదాన్నే అయితే ఇంకాస్త మంచివాణ్ణి చూసి తెచ్చుకునేదాన్ని కదరా!" అంది. చేతిలో ఉన్న గరిటె నా మీదికి విసిరింది. అది తగిలిన చోట ఇప్పుడు నిజంగానే మచ్చ పడింది. మోకాలి మీద కాదు.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇంకో ఉపద్రవం. మీ ఉత్తరాలు మా ఆవిడ కంట పడకుండా మేనేజరు గారి కోటు జేబులో దాచాను. ఆవిడ ఇస్త్రీకని ఆ కోటే తీసింది. చెవి పట్టుకుంటావా, మోకాలు చూపిస్తావా అని పరాయి ఆడమనిషి రాసిన ఉత్తరాలు చదివితే ఏ భార్య ఊరుకుంటుంది? తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మిషను ముందు కూర్చుని ఏడుస్తోంది. మధ్యమధ్యలో నవ్వుతోంది. నాకు తిట్లే నయం.

నేను మీ తమ్ముణ్ణని రాయండి, కాదని రాయండి. ఏది రాసినా గట్టిగా రాయండి.

దర్జీ

తా.క. మా ఆవిడ మీ అడ్రసు రాసుకుంది. మీ జాగ్రత్తలో మీరుండండి.


అక్కా,

ముందు అలవాటు కొద్దీ "అన్నయ్యా" అని రాసి కొట్టేశాను.

మచ్చ నాకుంది. ఎడమ మోకాలి వెనకే.

మీరు మావారిని అన్నీ అడిగారు గానీ, దుకాణం ఎవరిదని అడగలేదు. ఇది మా నాన్నది. మావారు ఇల్లరికపుటల్లుడు. ఆశ్రమం పిల్లలందరికీ నిక్కర్లు కుట్టింది నాన్నే. పేల భయానికి అక్కడ ఆడా మగా అందరికీ గుండు, అందరికీ అదే నిక్కరు. "కొలతలకి వెళ్ళినప్పుడల్లా నీ పక్కన ఒక పెద్ద గుండుబాబు నిలబడేవాడు. ఇద్దరినీ తెచ్చుకుందామని వెళ్ళేసరికి వాణ్ణి అప్పుడే ఎవరో తీసుకుపోయారమ్మా" అని చెప్పేవాడు. ఆ గుండుబాబు మీరు.

పదేళ్ళుగా నేను అన్నయ్య కోసం ప్రకటనలు వేస్తున్నాను. ఒకసారి మీదీ నాదీ ఒకే పేజీలో పక్కపక్కనే పడ్డాయి. "పాపం, ఈవిడకి తమ్ముడు దొరకాలి" అనుకుని పేజీ తిప్పేశాను. మావారికి ఇవేవీ తెలియవు. ఇల్లరికం వచ్చిన మనిషికి, ఈ ఇంటికి నేనూ బయటి నుంచి వచ్చినదాన్నేనని చెప్పడానికి నోరు రాలేదు. మొన్న చెప్పాను. "అయితే ఈ ఇంట్లో ఇద్దరం సమానమేనన్నమాట" అని తెగ సంబరపడిపోయారు.

అమ్మగారికి ముందు ఈ ముక్క చదివి వినిపించండి. ఆవిడ వదిలి వెళ్ళిన చేతిని వారం తిరక్కముందే నాన్న పట్టుకున్నాడు. మళ్ళీ వదల్లేదు. ఆవిడ మిమ్మల్ని తీసుకెళ్ళకపోతే మా ఇంటి ఇరుకులో ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం. ఆవిడ వల్ల రెండిళ్ళలో రెండు కంచాలు నిండాయి. ఆదివారం వస్తున్నాం. ఆవిడ కళ్ళ ముందే కూర్చుంటాను, ఎంతసేపు చూస్తే అంతసేపు.

ఇంకొకటి. నాన్న పోయేదాకా ఏడాదికో చొక్కా అన్నయ్య కోసం కుట్టి బీరువాలో పెట్టేవాడు. కొలత తెలియక ప్రతి ఏడూ కాస్త పెంచుకుంటూ పోయేవాడు. బావగారికేదైనా సరిపోతుందేమో చూద్దాం. సరిపోనివి విప్పించి మీకు జాకెట్లు కుట్టిస్తాను. నాన్న కుట్టింది మీ కోసమే కదా. మీ ఒంటి మీదికే రావాలి.

మీ చెల్లెలు

తా.క. (మావారి దస్తూరీ) వదినగారూ, చొక్కాలన్నీ విప్పి చూశాను. గుడ్డ చాలుతుంది. మామగారు అంచుల్లో కావలసినంత వదిలే ఉంచారు. చేతులు పొడవు పెట్టమంటారా, పొట్టి పెట్టమంటారా?