వెనకగోడ మొదట్లో పోసిన నీళ్లు

చిరంజీవి గడుగ్గాయికి అమ్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ కులాసా. మోకాళ్లు తప్ప నేనూ కులాసా. నువ్వు కూడా అలాగే ఉన్నావనీ, ఉత్తరంలో కనిపించినంత కోపంగా మాత్రం లేవనీ తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. కొత్త కళ్లజోడు వచ్చింది. మనుషులు ఇదివరకటి కన్నా స్పష్టంగా, ఇదివరకటి కన్నా అధ్వాన్నంగా కనిపిస్తున్నారు. ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని అడిగావు. ఫోన్లో నువ్వు నా మాటకు అడ్డొస్తావు. ఇందులో నేను చివరిదాకా చెప్పి తీరవలసినది ఒకటుంది.

మన పాత డ్రైక్లీనింగ్ దుకాణం మూసి తొమ్మిదేళ్లయింది కదా. మనం ఖాళీ చేశాం గాని, బట్టలు ఉతికిన మందు మాత్రం ఖాళీ చెయ్యలేదు. అది నీటికన్నా బరువైనది. ఇసుకలోంచి జారి, కింద బంకమట్టి తగిలిన చోట పిలవని చుట్టంలా తిష్ఠ వేస్తుంది. అక్కణ్ణించి కొంచెం కొంచెంగా భూగర్భజలంలో కరుగుతుంది, ఆవిరై నేల పగుళ్లలోంచి ఇళ్లలోకి వస్తుంది. దాన్ని వదిలించడానికి వచ్చిన ఇంజనీరు దుకాణం చుట్టూ పద్నాలుగు బోర్లు వేశాడు. ఇప్పుడు వాటిలోకి వంటనూనె ఎక్కిస్తున్నాడు. అది తిని బలిసిన సూక్ష్మజీవులు మందును విరగ్గొడతాయట.

"డాక్టరు నా చేత మాన్పించిన నూనె అంతా నువ్వు నేలకి తాగిస్తున్నావా నాయనా?" అన్నాను.

"మామ్మగారూ, మీకు నూనె అక్కర్లేదు. మీరు ఉత్త మాటతోనే విరగ్గొడతారు," అన్నాడు. పిల్లాడు పనికొస్తాడు.

అయితే నెల రోజులుగా అతని మొహంలో నవ్వు లేదు. బట్టలు ఉతికే మిషను నిలబడిన చోట నేలలో మందు కొంచెమే ఉంది. దుకాణం పక్కింటి కుట్టుపని వదిన వెనకగదిలో గాలిని పరీక్షిస్తే మాత్రం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. ఆ గదిలో ఆవిడ మనవరాలు, మూడు నెలల పసిగుడ్డు, పడుకునేది. "ఇంకెక్కడి నుంచో దిగుతోంది. దుకాణంలో కాకుండా వేరే ఎక్కడైనా పోసేవారా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. "ఆయన ఏం చేసేవారో నాకేం తెలుసు? పోయి ఆరేళ్లయింది," అన్నాను. అతను రాసుకున్నాడు. అది మీ అమ్మ చెవిన పడింది, మీ అమ్మ నుంచి నీకు చేరింది. 'తాతయ్య ఇంత పని చేశాడా, ఆయన ఫొటో బల్ల మీంచి తీసి సొరుగులో పెట్టేశాను' అని నువ్వు రాశావు.

ఆ వాక్యం మూడు రోజులుగా నాకు అన్నం సయించనివ్వలేదు.

మిషను కింద ఒక బకెట్ ఉండేది. బట్టల్లోని నీటితడి, మందు నుంచి విడిపోయి అందులోకి కారేది. చూడ్డానికి మంచినీళ్లే, కొంత మందు కలిసే ఉండేది, వాసనకి ముక్కు బద్దలయ్యేది. దాన్ని వాకిలి దగ్గరున్న పీపాలో పొయ్యాలి, లారీవాళ్లు వచ్చి తీసుకుపోతారు. మీ తాతయ్య అలాగే పోసేవారు. సాయంత్రం బకెట్ పని నాది అయ్యాక, బట్టలిచ్చేవాళ్ల మధ్యనుంచి ఆ కంపు మోసుకుపోవడం నాకు నామోషీ అనిపించింది. వెనక తలుపు తీసి గోడ మొదట్లో పోసేదాన్ని. పిచ్చిమొక్కలు కూడా చచ్చేవి, ఒక్క దెబ్బకి రెండు పిట్టలని సంబరపడ్డాను. పదకొండేళ్లు పోశాను. రోజూ పోశాను.

ఒకరోజు ఆయన చూశారు. "అలా నేల మీద పోస్తే మంచిదేనంటావా?" అన్నారు. ఆయన చదువు పదో తరగతితో ఆగింది. నేను రసాయనశాస్త్రం చదివి, బళ్లో పిల్లలకు చెప్పి వచ్చినదాన్ని. "ఎగిరిపోయే సరుకండీ, ఎండకి ఆవిరైపోతుంది. ఇది కూడా నాకు నేర్పుతారా?" అన్నాను. ఆయన తల గోక్కుని, "చదువుకున్నదానివి, నీకు తెలీదా" అంటూ లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ ఎత్తలేదు. నీళ్లకన్నా బరువైనది ఎటు పోతుందో ఎనిమిదో తరగతి పిల్లలకు గాజుగ్లాసులో చూపించినది నేనేనమ్మా. నా దగ్గర పట్టా ఉంది, ఆయన దగ్గర అనుమానం ఉంది. అనుమానమే నిజమైంది. పోయిన మనిషి ఎదురుచెప్పరు కదా అని, నా తప్పును కూడా ఆయన నెత్తినే రుద్దాను.

ఇవాళ పొద్దున ఇంజనీర్ని వెనక్కి తీసుకెళ్లి, నేను నిలబడి పోసిన చోటు కర్రతో చూపించాను. అతను రంగు డబ్బా తెచ్చి అక్కడ గుండ్రంగా గీశాడు. మధ్యాహ్నానికల్లా బోరు దింపి, మట్టి తీసి, పరికరం దగ్గర పెట్టి, "దొరికింది" అన్నాడు. ఆ మట్టి తవ్వి తీసుకుపోతారు. వదినగారి గది కింది గాలిని పైపుతో బయటికి లాగే ఫ్యాను రేపే బిగిస్తారు. అతను రాసుకున్న కాగితంలో మీ తాతయ్య పేరు కొట్టేయించి నా పేరు రాయించాను.

తర్వాత వదినగారి గడప ఎక్కాను. ఆవిడ మిషను మీద ఏదో కుడుతోంది. చెప్పాను. మిషను ఆగింది.

"ఎన్నాళ్లు పోశారు?"

"పదకొండేళ్లు."

"ఆ గోడవారన మా వైపు నేను గులాబీలు నాటాను. ఎన్నిసార్లు నాటినా ఎండిపోయేవి. 'నీ చెయ్యి మంచిది కాదే' అని మీరే నవ్వారు, వదినా."

నవ్వాను. నాకు గుర్తుంది.

"పిల్లని ముందుగదిలోకి మార్చాను. ఇంజనీరు వచ్చి అలా చెయ్యమన్నాడులే. మీరిక వెళ్లండి," అని ఆవిడ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. లేచి వచ్చేశాను. పిల్ల రక్తపరీక్షకి రేపు ఆవిడ వెంట వెళ్దామనుకుంటున్నాను. వద్దంటే వెనకాలే నడుస్తాను. తలుపు తియ్యకపోతే ఎల్లుండి మళ్లీ తడతాను.

నీ కోపం తప్పు కాదు, చిరునామా తప్పు. మార్చుకుని ఇటు పంపు.

ఇట్లు,
మీ తాతయ్య మాట వినని
అమ్మమ్మ