అవ్వ సగంలో ఉన్న పాఠం

రేవతి టీచర్ గారికి నమస్కారం.

బడిలో ఇచ్చిన ట్యాబు చెడిపోయింది. మా బిడ్డ ప్రవళికను కోప్పడకండి, తప్పు మా అవ్వది, అంటే పిల్ల నానమ్మది. ఏటా దసరాకు నా గని టోపీకి, పిల్ల పుస్తకాలకు పసుపునీళ్లు చల్లి బొట్టు పెడుతుంది. ఈసారి ట్యాబుకూ చల్లింది. ఇదేమిటని గట్టిగా అడిగాను.

"సదువంత దాంట్లనే ఉన్నదంటిరి గదా. మరి మొక్కద్దా బిడ్డా?" అన్నది.

ప్రవళిక బడిలో పక్క పిల్ల ట్యాబు చూసి చదువుకుంటోంది. తొందరంతా అవ్వకే. ఆమెకు అక్షరం రాదు. ట్యాబు పాఠాన్ని పైకి చదువుతుంటే రోజూ పక్కన కూర్చుని వినేది. మిగతా కథ ప్రవళిక చెప్పబోతే, "నువ్వు సగం మింగుతవ్, గదే మంచిగ చెప్తది" అంటోంది.

బాగుచేసేవాళ్లకు ఒక్క మాట చెప్పండి. నాలుగో పాఠం మాత్రం పోనీయవద్దు. అవ్వ ఇంకా సగంలోనే ఉన్నది.

ఇట్లు,
ప్రవళిక బాపు