ఎడమచేతి సాధన

రాయపురం,
12-8-74

నాయనకు కస్తూరి వందనాలు. ఇక్కడ అత్తా నేనూ బాగున్నాము.

పియానోలో స్వరాల్ని మెట్లెక్కినట్టు వేగంగా వాయించే పాఠం మొదలైంది. నీ హార్మోనియం తిత్తి ఆడించడమే తెలిసిన నా ఎడమచెయ్యి, వేళ్లు కదపమంటే తడబడుతోంది. నిన్న విసుగొచ్చి పియానో మూసేశాను. సెలీనా టీచరు మళ్లీ తెరిచి, “ఎందుకమ్మే తొందర? ఒక్కో వేలూ సమంగా పలకనీ. స్పీడు దానంతట అదే వస్తాది” అన్నారు.

పక్షవాతం వచ్చిన నీ ఎడమచేతికి డాక్టరు చెప్పిన వేళ్ల కసరత్తు మానేశావని అమ్మ రాసింది. ఎందుకు నాయనా? చర్చిలో నీ హార్మోనియం మూసే ఉందా? ఎలుకలు తిత్తి కొరక్కుండా చర్చివాళ్లను చూడమను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆమెకు నా వందనాలు చెప్పు.

రోజూ సాయంత్రం ఆరింటికి సాధనకు కూర్చుంటాను. ఆ వేళకు నువ్వూ మొదలుపెట్టు. నీ చెయ్యి మళ్లీ తిత్తి ఆడించేదాకా నేనూ మెల్లగానే వాయిస్తాను.