ఫ్లైవీల్ మీద రక్షాయంత్రం

మఠాధిపతులు లువాంగ్ ఫో గారి పాదాలకు నమస్కారం.

అప్పుడు మీరు కారు కప్పు మీద రక్షాయంత్రం వేయబోతే, "ప్రమాదాలు పుట్టేది లోపలే" అని మా అత్తగారు బండి విప్పించి, క్లచ్ ఆనే ఫ్లైవీల్ మీద గీయించారు కదా. ఇప్పుడు క్లచ్ అరిగింది.

"ఫ్లైవీల్‌ను లేత్ మీద నున్నగా చేయించకపోతే కొత్త క్లచ్ కూడా వణుకుద్దన్నా" అన్నాడు మెకానిక్ ప్రజువాబ్.

"లువాంగ్ ఫో గీసింది గీకిస్తావా అల్లుడూ? ముందు నన్ను పెట్టు ఆ లేత్ మీద!" అన్నారు అత్తగారు.

గీతలు చెరపకుండా అలాగే కొత్త క్లచ్ బిగించాం. కదిలించినప్పుడల్లా బండి పూనకం వచ్చినట్టు ఊగుతోంది. ఇరుగుపొరుగు మల్లెదండలు తెస్తున్నారు.

ఇంత మహిమగల కారు సంసారుల ఇంట ఉండకూడదట. పున్నమికి అత్తగారు దాన్ని మీకే దానమిస్తున్నారు. ఎక్కేముందు దయచేసి ఫ్లైవీల్ నున్నగా చేయించుకోండి. మీ గీతలు మీరే చెరిపితే పాపం ఉండదేమో.

ఇకపై బస్సులో తిరగబోయే మీ భక్తుడు.